పెరియపాళేనికి దొడ్డిదారి

పోయిన వేసవిలో మా కింది ఫ్లాటులో పిల్లవాడికి ఆటలమ్మ పోసింది. వాడి తల్లి, ఉద్యోగం చేసుకునే చిన్నపిల్ల, మెట్లెక్కి నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, గుమ్మానికి వేపాకు కట్టవచ్చునా? వచ్చేపోయేవాళ్ళు భయపడతారని సెక్రటరీ వద్దంటున్నాడు" అని అడిగింది. బిల్డింగులో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగిందో నాకు తెలుసు. నా ముఖం చూసినవాళ్ళెవరూ ఈ విషయంలో ఇంకొకరి దగ్గరికి పోరు. ఎనభై దాటి ముఖమంతా ముడతలు పడినా చిన్నప్పుడు అమ్మవారు మిగిల్చిన గుంటలు మాత్రం తమ చోటు వదల్లేదు. "కట్టుకో తల్లీ, ఆ సెక్రటరీని నా దగ్గరికి పంపించు, నేను మాట్లాడతాను" అన్నాను. సాయంత్రానికల్లా వేపాకు వాసన, పచ్చిగా చేదుగా, మా వరండాలోకి ఎక్కివచ్చింది. నాకు మా నాయన గుర్తుకొచ్చాడు. చొక్కా లేకుండా, నడుము చుట్టూ వేపమండలు కట్టుకుని, కళ్ళజోడు మాత్రం తీయకుండా, సవక తోపులో, ఆ సరుగుడు చెట్ల నడుమ నిలబడిన మా నాయన.

మా నాయన పట్నంలో, చూలై అనే పేటలో, ఒక తెలుగు బడిలో మేష్టరు. మేము ఆ పేటకు ఎప్పుడు వచ్చిపడ్డామో మా అవ్వకే, అంటే మా నాయన తల్లికే, తెలియదు. తన అత్తగారు కూడా ఆ వీధిలోనే పుట్టిందని చెప్పేది. ఇంటి ఎదురుగా రేకు డబ్బాలు చేసే కొట్టు. పొద్దున మొదలైన టంగుటంగు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. ఆ మోతలోనే కూర్చుని మా నాయన తన జుబ్బా తానే ఇస్త్రీ చేసుకునేవాడు, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి. మడత ఒక్కటి పక్కకు పోయినా మళ్ళీ నీళ్ళు చల్లి మొదటినుంచీ రుద్దేవాడు. ఎంత ఉక్కపోసినా చొక్కా విప్పి కూర్చునేవాడు కాదు. "ఏందిరా, ఒంట్లో ఏమన్నా బంగారం దాచిపెట్టినావా? రవంత గాలి తగలనీరాదా" అని అవ్వ ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆదివారం సాయంత్రాలు వీధి చివర పుస్తకాల గదిలో ఉపన్యాసాలిచ్చేవాడు. టీకాలు వేయించుకోండి, మొక్కులకు డబ్బు తగలేయకండి, పూనకాలన్నీ బూటకాలు, ఇవీ ఆయన మాటలు. తమిళుల ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, పెరియపాళెం అమ్మవారి గుడి చుట్టూ వేపాకు చుట్టుకుని తిరిగే జనాన్ని ఆయన అనుకరించి చూపిస్తే కుర్రవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ముందు వరసలో కూర్చుని నేనూ నవ్వేదాన్ని. మా నాయన అంటే నాకు అంత గర్వం.

అలాంటి ఇంట్లో, నా తొమ్మిదో ఏట, నాకు పెద్దమ్మవారు పోసింది. టీకా వేయించలేదా అంటే, వీధిలో అందరికంటే ముందు నాకే వేయించాడు. అది పండలేదు, చేతి మీద పొక్కే లేవలేదు. మళ్ళీ వేయిద్దాంలే అనుకుంటూ ఉండగానే ముంచుకొచ్చింది. మా అమ్మ అప్పటికే కాన్పుకని నాయుడుపేటలో పుట్టింటికి పోయి ఉంది, ఆమెను రావద్దన్నారు. ఇల్లంతా అవ్వ చేతికి వచ్చింది. తాళింపు ఆగిపోయింది. చెప్పులు గడప అవతలే. తల దువ్వరాదు, గట్టిగా మాట్లాడరాదు, ఇంటికొచ్చినవాళ్ళను రమ్మనీ అనరాదు, పొమ్మనీ అనరాదు. పక్క మీద అరిటాకు, అరిటాకు మీద వేపాకు, దాని మీద నేను. రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ఇక వాసనలే నాకు దిక్కు: పసుపునీళ్ళు, సాంబ్రాణి, పులిసిన గంజి, వీటన్నిటినీ మించి నా ఒంటి వాసన. దానికి నాకే సిగ్గేసేది. మా నాయన పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతుంటే తల అటు తిప్పుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకుని ఆయన లేచి, మూలలో అవ్వ పెట్టిన కలశం ముందుకు పోయాడు. బడిలో డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "నేను నిన్ను నమ్మేవాణ్ణి కాదు. ఆ సంగతి నీకూ తెలుసు. అయినా అడగతా ఉండాను. నా బిడ్డకు కండ్లు దక్కనీ. వేపమండలు కట్టుకోని, నడిచి, పెరియపాళేనికి వస్తాను." ఆ తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

కళ్ళు దక్కాయి. దక్కాయి గాని, ఆ కళ్ళతో చూసుకోవడానికి ఇంట్లో అద్దం లేకుండా పోయింది. నడవలో మేకుకు తగిలించి ఉండే అద్దాన్ని ఎవరు తీశారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. కంచంలో నీళ్ళు పోసుకుని చూసుకున్నాను. చూసుకుని ఆ నీళ్ళు పారబోసి ఊరుకున్నాను. ఇంటికి ఎవరైనా వస్తే మా నాయన "రుక్కూ, లోపలికి పోమ్మా" అనేవాడు. నన్ను బడికి పంపే మాటే ఎత్తేవాడు కాదు. వీధిలో ఎదురైన ప్రతి ఆడమనిషీ నా గడ్డం పట్టి పైకెత్తి, "అయ్యో పావం, ఎట్టా ఉండిన బిడ్డ! ఇంగ దీన్ని ఎవుడు చేసుకుంటాడో" అనేది. అందుకని నన్ను బయటికి తీసుకుపోవాల్సి వస్తే ఆయన నా తల మీద తుండు కప్పి, దాని అంచు నుదురు దాటి కిందికి లాగేవాడు. నా ముఖం ఆయనకు నామర్దాగా ఉందని నాకు స్థిరపడిపోయింది. ఆ వయసులో మనసులో పడిన మాటను ఎవరు తీయగలరు?

మొక్కు తీర్చడానికి ఆయన ఎండాకాలం సెలవులు ఎంచుకున్నాడు. అమ్మ ఇంకా చంటిబిడ్డతో నాయుడుపేటలోనే ఉంది. "ఆడి నెలలో పోవాల్రా. జనం, పంబ మోత, అప్పుడే కదా శోభ" అంది అవ్వ. "ఆ శోభ నాకొద్దమ్మా. అప్పుడు చూలై అంతా ఆడనే ఉంటుంది" అన్నాడు ఆయన. తెల్లవారుతూనే బస్సెక్కి, రోడ్లు చీలేచోట దిగాం. అక్కడినుంచి నడిస్తే మొక్కు చెల్లుతుందని అవ్వ చెప్పింది. పెరియపాళెం రోడ్డు ఎదురుగా తిన్నగా కనిపిస్తూనే ఉంది. ఆయన దాన్ని వదిలేసి పొలంగట్టు పట్టాడు.

"యాడికిరా? రోడ్డు ఆడుండాది కదా" అంది అవ్వ.

"తోపుల్లోంచి దారి ఉండాదమ్మా. నీడగా ఉంటుంది."

అవ్వ వెనక్కి తిరిగి, రోడ్డుకు రెండు పక్కలా గుబురుగా ఉన్న చింతచెట్లను చూసింది. కొడుకు ముఖం చూసింది. కొంగు దోపుకుని గట్టెక్కింది. నాకు మాత్రం అర్థమైపోయింది. రోడ్డు మీద బండ్లు పోతుంటాయి, బండ్లలో మనుషులుంటారు, మనుషులకు కళ్ళుంటాయి. నన్ను దాచడానికే ఈ దొడ్డిదారి.

ఇంత కడుపుమంటలోనూ ఆ దారి నాకు నచ్చింది, ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. నెలల తరబడి ఒక చాప మీద పడి ఉన్న పిల్లను మరి. ఎర్రమట్టి బాటకు రెండు పక్కలా నాగజెముడు కంచెలు, వాటి మీదుగా పాకిన తీగలు. ఈతచెట్లకు పళ్ళు ముగ్గి నేల మీద రాలి ఉన్నాయి. అవ్వ ఏరి, కొంగుకు తుడిచి నా నోట్లో పెట్టేది. జీడిమామిడి తోపు దాటుతుంటే పండిన పళ్ళ వాసన ముక్కులు పగలగొట్టింది. ఆ తర్వాత సవక తోపులు. అడుగు పెడితే చాలు, రాలిన ఆకు మెత్తగా జారేది. పైన గాలి ఆగకుండా హోరుమంటూ ఉంటే, "సముద్రం ఈడిదాకా వచ్చిందా ఏందిరా?" అని అవ్వ నిలబడిపోయింది. రాయపురం సముద్రపొడ్డు ఇసక తప్ప వేరే నేల ఎరగని మనిషి. ఈమధ్య ఎవరిదో గృహప్రవేశమని నా మనవరాలు ఆ పక్కకే కారులో తీసుకుపోయింది. అద్దం దింపించి చూశాను. అన్నీ గోడౌన్లు, లారీలు, పొడుగాటి గోడలు. సవక చెట్టు ఒక్కటి కనిపించలేదు. "ఈడ నేను నడిచినానే" అంటే, "ఇక్కడా? ఎందుకు పాటీ?" అంది ఆ పిల్ల, సగం తమిళంలో. ఆ 'ఎందుకు'కు కారులో కూర్చుని జవాబు చెప్పడం నా వల్ల కాలేదు.

తోపు నడిమధ్యలో, చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, మా నాయన జుబ్బా విప్పాడు. మడత పెట్టి సంచిలో పెట్టాడు. ఆయన ఛాతీ నేను చూడడం అదే మొదలు. తెల్లగా, ఎముకలు బయటపడి, ఎండ తగలని మనిషి ఒళ్ళు. దారిలో కోసుకొచ్చిన వేపమండలను అవ్వ అరటినారతో పంచె మీద నడుము చుట్టూ వరసగా కట్టింది. మెడలో ఒక దండ వేసింది. "కండ్లజోడు తియ్యిరా" అంది. "తీస్తే దారి కనపడదమ్మా" అన్నాడు. పుస్తకాల గదిలో ఆయన చేసి చూపించిన మనిషి అచ్చం ఇలాగే ఉండేవాడు. ఆయనకూ అదే గుర్తొచ్చిందేమో, మా ఇద్దరి వంకా చూడలేకపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు కట్టుకున్నాడు, కాసేపు వెనక్కి పెట్టుకున్నాడు. దూరంగా బస్సు హారన్ వినబడితే చాలు, చెట్టు చాటుకు జరిగేవాడు. నా తల ఆయనకంటే కిందికి వంగిపోయింది.

అలా కొంత దూరం నడిచామో లేదో మేకలు వెంటపడ్డాయి. వేపాకు అంటే వాటికి ప్రాణం కదా! ఒకటి వెనకనుంచి వచ్చి నడుము దగ్గర మండ పట్టి లాగింది. మా నాయన "ఛీ, పో, పో" అంటూ గిర్రున తిరిగాడు. అది కూడా ఆయనతో తిరిగింది. ఇంకో రెండు చేరాయి. అవ్వ చేతిసంచితో వాటిని కొడుతూ, నవ్వు ఆపుకోలేక దగ్గుతూ, "పట్టుకోరా, పంచె పట్టుకో!" అని కేకలు. ఆ కేకలకు తోపు పక్క గుడిసెలోంచి మేకల మనిషి పరుగెత్తుకొచ్చింది. ఆ పక్క ఊళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి. మేకల్ని అదిలించబోయి, మా నాయనను చూసి, చేతిలో కర్ర పారేసి, ఆయన కాళ్ళ ముందు బోర్లా పడింది.

"తల్లీ! నా గుడిసె దారిన వచ్చినావా తల్లీ!"

వేపమండలు కట్టినవాళ్ళను ఆ పక్క మనుషులుగా చూడరు, అమ్మవారిగానే చూస్తారు. ఆ సంగతి మా నాయనకు తెలియంది కాదు. అయినా బిక్కచచ్చిపోయాడు. "లెయ్యమ్మా. నేను మేష్టర్ని, పట్నం నుంచి వస్తా ఉండాను" అన్నాడు.

"ఏ రూపంలో వచ్చినా నువ్వు నువ్వే కదా" అంది ఆమె. లేచి గుడిసెలోకి పోయి ఇద్దరు పిల్లల్ని రెక్క పట్టి తెచ్చి ఆయన ముందు నిలబెట్టింది. "పెద్దోణ్ణి పోయినేడు తీసకపోయినావు. నేను ఒక్క మాట అనలేదు. ఈ ఇద్దరినీ నాకు ఇడిచిపెట్టు. టీకాలోళ్ళు వచ్చినప్పుడంతా నీకు కోపమొస్తాదని వీళ్ళని కోళ్ళగంప కింద దాచిపెడతా ఉండాను. నీ మాట నేను ఎప్పుడన్నా తప్పినానా తల్లీ?"

మా నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అవ్వ ఆయన వీపు మీద పొడిచి, "చెయ్యి పెట్టరా, సీక్రం" అని గొణిగింది. ఆయన రెండు చేతులూ ఆ పిల్లల తలల మీద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత నోరు తెరిచాడు. అదే గొంతు, డిక్టేషన్ గొంతు.

"ఇంగ దాచొద్దు. నాకు కోపం రాదు. టీకాలోళ్ళు వస్తే నువ్వే ఎదురుపొయ్యి వేయించు."

"నువ్వేనా చెప్పతా ఉండేది?"

"ఆమా" అని తలూపాడు. "నేనే చెప్పతా ఉండాను."

ఆమె ఇంకా తటపటాయించింది. "ఏయించకపోతే?" అంది మెల్లగా.

అప్పుడు ఆయన ఇటు తిరిగాడు. ఆమె రాగానే చెట్టు వెనక్కి దూరిన నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగి, తల మీది తుండు తీసేశాడు. "వేయించకపోతే ఇట్టా అవుతుంది. చూడు. బాగా చూడు" అన్నాడు.

ఆమె చూసింది. ఆ ఇద్దరిలో పెద్దవాడు గుడ్లప్పగించి చూశాడు. చిన్నది జడుసుకుని తల్లి కొంగు వెనక దూరి ఏడుపు లంకించుకుంది. నాకు టీకా వేయించారనీ, పండలేదనీ ఆయన చెప్పలేదు. "అట్నే తల్లీ, అట్నే, ఏయిస్తాను" అని ఆమె చేతులు జోడించింది. ఆయన నడుముకున్న మండల్లో ఒకటి తుంచి ఇస్తే కళ్ళకద్దుకుంది. నాకు తల తీసేసినట్టయింది. వీధిలో ఆడవాళ్ళు గడ్డం పట్టుకుని ఎత్తినప్పుడు కూడా అంత సిగ్గు నేను పడలేదు. వాళ్ళు పరాయివాళ్ళు. ఈయన నా నాయన.

పెద్దదాన్నయ్యాక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగానికి పోయాను. బ్యాంకులో పని దొరికితే వదులుకుని మరీ పోయాను. గొంతు తప్ప ముఖం అక్కరలేని పని. నా గొంతు బాగుంటుందని ముఖం చూడని పెద్దమనుషులు ఎందరో మెచ్చుకున్నారు. ఇప్పుడు నా మనవరాలు పొద్దున లేస్తే తన ముఖాన్ని తానే ఫొటో తీసుకుని, బుగ్గ మీద ఒక మొటిమ లేస్తే దాన్ని కూడా లోకానికంతా చూపించి నవ్వుతుంది. ఆ పిల్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా. ఆ సవక తోపులో నిలబడ్డ పిల్ల నాలోంచి ఎప్పుడూ పూర్తిగా బయటికి రాలేదు.

ఆ మేకల గుడిసె దాటి చాలా దూరం నడిచాం. తాటిచెట్ల కింద ఒక ముసలాయన ముంజలు కొడుతుంటే ఆగాం. అవ్వ నాకు వొలిచి ఇచ్చింది. నేను తినలేదు. మా నాయన ఎదురుగా గట్టు మీద కూర్చుని, సగం మేకలు తినేసిన తన మండల్ని సర్దుకుంటున్నాడు. నాకు ఎక్కడనుంచి వచ్చిందో ధైర్యం, అడిగేశాను.

"నన్ను దాచేదానికే కదా నాయనా, ఈ దారిన తీసుకొచ్చినావు?"

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఏందీ?"

"రోడ్డు మీద అందరూ నన్ను చూస్తారని. నీకు నామర్దా అని. ఇంటికి ఎవురొచ్చినా లోపలికి పొమ్మంటావు. ఆడ మాత్రం ఆ పిలకాయలకు చూపించినావు."

అవ్వ "మే, నోరుముయ్" అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కళ్ళజోడు తీశాడు. తుడుచుకోవడానికి ఒంటి మీద జుబ్బా అంచు లేక అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

"నిన్ను దాస్తానా అమ్మా? నేను దాక్కుంటా ఉండాను. ఈ వేషంలో నన్ను ఎవురన్నా చూస్తే బడిలో తలెత్తుకోలేనని, నా మాటలన్నీ నవ్వులపాలవుతాయని. లోపలికి పొమ్మనింది నిన్ను ఎవురూ ఒక మాట అనకూడదని. నీకు అట్టా అనిపిస్తుందని నాకు తట్టనేలేదు, రుక్కూ." కళ్ళు చేత్తో తుడుచుకున్నాడు. "ఆడ చేసింది మాత్రం తప్పే. ఆ పిలకాయలు బతికితే చాలనుకున్నాను. నీ ముఖం నీది. నిన్ను అడక్కుండా చూపించినాను. ఇంగెప్పుడూ అట్టా చెయ్యను."

నమ్మానో లేదో నాకే తెలియదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని లేచాడు. తోపుల్లోకి పోయే బాట ఎడమవైపు ఉంది. ఆయన కుడివైపు తిరిగి, వరి కోసిన మళ్ళకు అడ్డంపడి, తిన్నగా రోడ్డు మీదికి నడిచాడు.

ఆ రోజు ఆదివారం, అమ్మవారి వారం. రోడ్డు నిండా మనుషులు. రాయపురంనుంచి వచ్చిన ఎడ్లబండ్లు, కోళ్ళ బుట్టలు, తల మీద పొంగలి కుండలు. మేము ఎక్కిన కాసేపటికే ఒక బండి పక్కన ఆగింది. తోలేవాడి పక్కన కూర్చున్నది మా పేటలో కట్టెల డిపో ఆయన. మా నాయన ఉపన్యాసాలకు తప్పకుండా వచ్చే మనిషి. "మేష్టారు కదా?" అన్నాడు, నోరు వెళ్ళబెట్టి.

"ఆమా, నేనే" అన్నాడు మా నాయన. "మా అమ్మాయికి మొక్కు. తీర్చుకోను పోతా ఉండాను."

బండిలో ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడి తొంగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. డిపో ఆయన నవ్వాలో దండం పెట్టాలో తెలియక రెండూ సగం సగం చేశాడు. బండి వెనక ఇంకో బండి నెమ్మదించింది, దాని వెనక బస్సు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మా నాయన చెవులు ఎర్రబడ్డాయి, మెడ ఎర్రబడింది. ఆ ఎరుపు వీపు దాకా పాకడం వెనకనుంచి నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన రోడ్డు పక్కకు జరగలేదు. నడిమధ్యనే నడిచాడు.

నేను ఆయన వెనకే నడిచాను, తల మీద ఏమీ లేకుండా. జబ్బు నుంచి లేచాక అంతమంది జనం మధ్యకు రావడం నాకు అదే మొదటిసారి. ఏ చూపు ఎటునుంచి వచ్చి ముఖానికి తగులుతుందోనని ఒళ్ళంతా బిగబట్టుకుని నడిచాను. ఒక్కటీ తగల్లేదు. గుడి గోపురం కనిపించేదాకా, ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి ఒక్కరూ మా నాయననే చూశారు.